టారో 12వ ముక్క ‘హ్యాంగ్డ్ మ్యాన్’: తెలుగులో ఉరి అనవచ్చా?

ప్రశ్న:
జోస్యానికి వాడే టారో పేకముక్కలకు తెలుగు పేర్ల పట్టిక తయారవుతోంది. రంగులకు చెందని, విడి బొమ్మలున్న 22 పెద్ద ముక్కల్లో 12వ దాని దగ్గర పని ఆగింది. ఇంగ్లీషులో దాని పేరు హ్యాంగ్డ్ మ్యాన్. చాలాచోట్ల ‘ఉరితీయబడిన వ్యక్తి’ అని రాస్తున్నారు. బొమ్మలో చూస్తే మనిషి ఒంటికాలికి కట్టిన తాడుతో వేలాడుతున్నాడు, ముఖంలో బాధ లేదు. ‘ఉరి’ ఉంచాలా, ‘తలకిందుల మనిషి’ అనాలా?

జవాబు:
‘ఉరి’ తీసేయండి. ఉరి అంటే మొదట ఉచ్చు అనే అర్థం, నిజమే. వేటగాడు పన్నిన ఉరిలో జింక కాలు కూడా పడవచ్చు. కానీ ‘ఉరి తీయడం’ అనేసరికి మెడ, ఉరికంబం, చావు తప్ప మరొకటి తోచదు. పైగా దీని తర్వాతి ముక్క, 13వది, మృత్యువు. పక్కపక్కన రెండు చావులు పెడితే ఆ వరుసలోని తేడా పాఠకుడికి అందదు. ‘తీయబడిన’ కూడా అక్కర్లేదు. మనకు ‘వేలాడదీసిన’ అనే చక్కటి మాట ఉండగా ‘బడు’ ఎందుకు?

ఇంగ్లీషులో హ్యాంగ్డ్ అనే రూపం ఉరిశిక్షకే వాడతారు, వస్తువు వేలాడితే హంగ్ అంటారు. అనువాదకులు ఉరి వైపు వెళ్లడానికి అదే కారణం. వాళ్లు మాటను అనువదించారు, బొమ్మను చూడలేదు.

ఇంకొక జవాబు:
ఆ బొమ్మ ఎక్కడిదో తెలిస్తే మాట ఎంచుకోవడం తేలిక. టారో 15వ శతాబ్దపు ఉత్తర ఇటలీలో పేకాటగా పుట్టింది. 1442లో ఫెరారా రాజాస్థానపు లెక్కల్లో ఈ ముక్కల ప్రస్తావన ఉంది. అప్పటికి జోస్యంతో సంబంధం లేదు. ఆ కాలపు ఇటలీ నగరాల్లో ద్రోహుల బొమ్మలను ఊరందరికీ కనిపించేలా గోడల మీద గీయించే శిక్ష ఒకటి ఉండేది. మనిషి దొరక్కపోయినా పరువు తీయడానికి బొమ్మ చాలు. తరచుగా కాలికి తాడు కట్టి తలకిందులుగా వేలాడుతున్నట్టే గీసేవారు. ఫ్లారెన్సులో 1440లో ఇలాంటి బొమ్మలు వేసిన ఆంద్రెయా దెల్ కస్తాన్యోకు ‘ఉరిబొమ్మల ఆంద్రెయా’ అనే అర్థం వచ్చే పేరు స్థిరపడింది. 1530 ప్రాంతంలో ఆంద్రెయా దెల్ సార్తో ఇలాంటి పనికోసమే గీసిన చిత్తు రేఖాచిత్రాలు ఉఫీజీ మ్యూజియంలో ఉన్నాయి.

అందుకే పాత ఇటాలియన్ ఆటలో ఈ ముక్కకు ‘ఇల్ ట్రాడిటోరె’ అనే పేరు కూడా ఉంది. అంటే ద్రోహి. ఒక పాత ముక్కల కట్టలో ఇతని రెండు చేతుల్లోనూ డబ్బుసంచులు కనిపిస్తాయి. క్రీస్తును వెండి నాణేలకు అమ్మిన యూదాను గుర్తుచేసే సంచులవి.

మన పాత వీధిబడుల్లో ‘కోదండం వేయడం’ అనే శిక్ష ఉండేది. దూలానికి కట్టిన తాడు పట్టుకుని పిల్లవాణ్ని చేతులతో వేలాడించేవారు. చంపకుండా వేలాడదీసే శిక్షకు తెలుగులో మాట ఉందని చెప్పడానికే ఇది. ఇక్కడ మాత్రం పనికిరాదు. అది చేతుల వేలాట, ఇది కాలి వేలాట. పైగా కోదండం అనగానే రాముడి విల్లు మనసులోకి వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
మరి ఇప్పుడు అందరి చేతుల్లో ఉన్న బొమ్మలో అతను ద్రోహిలా లేడే? తల చుట్టూ కాంతివలయం కూడా ఉంది.

జవాబు:
అది 1909లో లండన్‌లో వచ్చిన కట్ట. రూపకల్పన ఏ.ఈ. వెయిట్‌ది, బొమ్మలు పమేలా కోల్మన్ స్మిత్‌వి. అందులో కంబం ‘టీ’ ఆకారపు శిలువ, దానికి పచ్చని ఆకులున్నాయి. కుడికాలికి తాడు, ఎడమకాలు వెనక మడిచి ఉంటుంది. వెయిట్ చెప్పింది పారవశ్యం గురించి, బాధ గురించి కాదు.

ఆటముక్కలకు ఇలా గూఢార్థాలు చెప్పే మలుపు 1781లో మొదలైంది. కూర్ ద జెబ్లాన్ అనే ఫ్రెంచి పండితుడు టారో ఈజిప్టు పూజారుల గ్రంథమని రాశాడు. ‘తార్’ అంటే బాట, ‘రో’ అంటే రాజు, కలిపితే రాజబాట అని పదవ్యుత్పత్తి కూడా చెప్పాడు. ఈజిప్టు చిత్రలిపి రహస్యాన్ని ఫ్రెంచి పండితుడు షాంపోల్యోఁ విప్పింది 1822లో. అంటే నలభై ఏళ్ల ముందే, ఒక్క అక్షరం చదవలేని భాషకు వ్యుత్పత్తి కట్టాడన్నమాట. భాషాభిమానులు దీన్ని ఎక్కడ చూసినా నమ్మకండి. ఈ 12వ ముక్క కూడా తలకిందులుగా అచ్చయిందనీ, అసలు అది ఒక కాలు ఎత్తి నిలబడ్డ ‘వివేకం’ అనీ ఆయన వాదన.

తర్వాత ఎలిఫాస్ లెవీ అనే ఫ్రెంచి మార్మికుడు 22 ముక్కలను 22 హీబ్రూ అక్షరాలకు ముడిపెట్టాడు. ఆయన లెక్కలో 12వది ‘లామెద్’. 1888లో ఇంగ్లండులో మొదలైన గోల్డెన్ డాన్ అనే మార్మిక సంఘం సున్నా అంకె ముక్కను (‘ఫూల్’, అంటే వెర్రివాడు) వరుస మొదట్లో పెట్టింది, దాంతో దాదాపు అక్షరాలన్నీ ఒక్కో స్థానం జరిగాయి. వాళ్ల లెక్కలో 12వది ‘మేమ్’, దాని తత్వం నీరు. మీ పట్టికలో అక్షరాల వరుస ఉంటే ఎవరి లెక్కో ముందే రాయండి. రెండూ కలిపేస్తే పట్టికంతా తప్పవుతుంది.

ఇంకొక జవాబు:
‘తలకిందుల మనిషి’ వద్దనడానికి ఆచరణలో గట్టి కారణం ఉంది. జోస్యం చెప్పేవారు ముక్క తిరగబడి పడితే వేరే అర్థం చెబుతారు. అప్పుడు ‘తలకిందులుగా వచ్చిన తలకిందుల మనిషి’ అనాలి. కానీ ఆ స్థితిలో బొమ్మలోని తల పైకి ఉంటుంది! ఏది దేనికి వర్తిస్తుందో ఎవరికీ అర్థం కాదు. ‘తిరగబడిన’ అనే మాటను ముక్కకే అట్టేపెట్టండి.

పేరుకు రెండు మాటలు చాలు. ‘వేలాడదీసిన మనిషి’ అంటే వేరొకరు చేసిన పని, పాత ఇటాలియన్ శిక్షాబొమ్మకు సరిగ్గా అతుకుతుంది. ‘వేలాడే మనిషి’ అంటే స్థితి మాత్రమే తెలుస్తుంది, ఎవరు కట్టారో తెలియదు. 1909 బొమ్మకు అది నప్పుతుంది.

ప్రశ్న అడిగినవారు:
‘వేలాడే మనిషి’ ఖాయం చేస్తున్నాం. మిగతా టారో ముక్కల్లో కత్తుల బొమ్మలున్న రంగును ఇస్పేటు అనవచ్చా?

జవాబు:
అనకండి, చుట్టరికం మాత్రం ఉంది. ఇస్పేటు ఇంగ్లీషు ‘స్పేడ్’ నుంచి వచ్చింది. ఆ స్పేడ్ తవ్వే పార కాదు, ఇటాలియన్ ‘స్పాదా’, అంటే కత్తి. కళావరు, ఆఠీను డచ్చివారి ‘క్లావర్’, ‘హార్టెన్’. కానీ ఇస్పేటు అనగానే మనకు కనిపించేది నల్లటి ఆకు. టారోలో గీసింది నిజమైన కత్తే కాబట్టి ‘కత్తులు’ అనే రాయండి.