డెస్క్‌టాప్ అసలు ఆన్ కావట్లేదు: ముందు ఎస్‌ఎంపీఎస్ మార్చి చూడాలా, మీటర్ పెట్టి కొలవాలా?

జిరాక్స్ కొట్టు
మాది మండల కేంద్రంలో జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు. మొన్న రాత్రి ఉరుములూ మెరుపులతో వాన, కరెంటు పోతూ వస్తూ ఉంది. పొద్దున బటన్ నొక్కితే సీపీయూలో ఉలుకూ పలుకూ లేదు. ఫ్యాన్ కదలదు, లైట్ వెలగదు. అదే యూపీఎస్ మీద మానిటర్, ప్రింటర్ బాగానే వెలుగుతున్నాయి. టౌన్లో మెకానిక్‌కి ఫోన్ చేస్తే "ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే డబ్బా) పోయుంటుంది, కొత్తది వేద్దాం. అప్పటికీ రాకపోతే మదర్‌బోర్డ్" అన్నాడు. పాలిటెక్నిక్ చదివిన మా బావమరిదేమో కొలవకుండా ఒక్క రూపాయి పెట్టొద్దంటాడు. అసెంబుల్డ్ సిస్టమ్, ఐ3 8100 ప్రాసెసర్. ఎవరి మాట వినమంటారు?

బెంచి సర్వీస్
మెకానిక్ చెప్పిందే కరెక్టు అన్నా. సికింద్రాబాద్ సీటీసీల, అదే కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్‌ల, ఇదే పని మాది. వానాకాలంల చడీచప్పుడు లేకుండ వచ్చే సిస్టమ్‌లల్ల ఎక్కువ మటుకు ఎస్‌ఎంపీఎస్సే. బెంచి మీద ఒక మంచి ఎస్‌ఎంపీఎస్ ఎప్పుడూ ఉంటది. బోర్డ్‌కు 24 పిన్ కనెక్టర్ పెడత, ప్రాసెసర్ పక్కన 4 పిన్ పెడత, స్విచ్ కొడత. ఐదు నిమిషాల్ల తేలిపోతది. ఒక్కో వైరుకు మీటర్ పెట్టుకుంట కూసుంటే మాకు పూట గడవదు.

మీటరు మాస్టారు
మీ బెంచి మీద మంచిది ఉంది కాబట్టి మీకది పరీక్ష. ఆయన దగ్గర రెండోది లేదు. ఆయనకి మార్చి చూడటమంటే కొనడమే. కొన్నాక సిస్టమ్ రాకపోతే షాపువాడు వెనక్కి తీసుకుంటాడా?

జిరాక్స్ కొట్టు గారూ, మామూలు డిజిటల్ మీటర్ చాలు. ప్లగ్గు ఆన్‌లోనే ఉంచండి, బటన్ నొక్కొద్దు. 24 పిన్ కనెక్టర్ బోర్డ్‌లో ఉండగానే వెనకవైపు నుంచి నల్ల ప్రోబ్‌ని ఏదో ఒక నల్ల వైరుకి, ఎర్ర ప్రోబ్‌ని వంకాయ రంగు వైరుకి ఆనించండి. అన్నీ నల్ల వైర్లే అయితే 9వ పిన్. సిస్టమ్ ఆఫ్‌లో ఉన్నా అక్కడ 5 వోల్టులు నిలబడాలి. 4.75 నుంచి 5.25 దాకా పర్వాలేదు. తర్వాత ఆకుపచ్చ వైరు, 16వ పిన్. అక్కడా 5కి దగ్గర్లో ఉండి, బటన్ నొక్కగానే సున్నాకి పడాలి. పడినా ఫ్యాన్ తిరగకపోతే ఎస్‌ఎంపీఎస్‌నే అనుమానించాలి. పడకపోతే తప్పు బటన్‌లోనో, దాని వైరులోనో, బోర్డ్‌లోనో ఉన్నట్టు. అప్పుడు క్యాబినెట్ బటన్ నుంచి బోర్డ్‌కి వచ్చే పవర్ స్విచ్ వైరు పీకేసి, బోర్డ్ మీద ఆ రెండు పిన్నుల్నీ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలపండి. క్యాబినెట్ బటన్ పోయి బోర్డ్‌కి చెడ్డపేరు వచ్చిన కేసులు బోలెడు.

రబ్బరు బ్యాచ్
అంత దూరం ఎందుకు మాస్టారూ. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్ది పెట్టమనండి. బోర్డ్ మీది నాణెం లాంటి సీమాస్ బ్యాటరీ కూడా తీసి పెడితే సగం సిస్టమ్‌లు లేస్తాయి.

మీటరు మాస్టారు
ఫ్యాన్ తిరుగుతూ స్క్రీన్ నల్లగా ఉంటే రబ్బరు తీయండి, కాదనను. ఇక్కడ ఫ్యానే తిరగట్లేదు. ర్యామ్ కాళ్లు మురికి పట్టినంత మాత్రాన ఎస్‌ఎంపీఎస్ ఆన్ కాకుండా ఆగదు. ఆ సీమాస్ బ్యాటరీ అయిపోతే మామూలుగా టైమూ తేదీ పోతాయి. అది లేకపోతే మొరాయించే బోర్డులు అక్కడక్కడా ఉన్నాయి గానీ, పిడుగుల వాన పడ్డ మర్నాడు ముందు అనుమానించాల్సింది దాన్ని కాదు.

పేపర్ క్లిప్
మీటర్ లేనివాళ్ల సంగతేంటి? కనెక్టర్ బయటికి తీసి ఆకుపచ్చనీ పక్కనున్న నలుపునీ ఒక క్లిప్పుతో కలిపితే ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ తిరుగుతుంది. తిరిగితే మంచిది, తిరక్కపోతే చచ్చింది. పైసా ఖర్చు లేదు.

బెంచి సర్వీస్
తిరగకపోతే పోయినట్టే అంటే కొంచెం ఒప్పుకుంట. తిరిగితే మంచిదని మాత్రం చెప్పకు తమ్మీ. పోయిన వానాకాలం ఒకటొచ్చింది, మీద 450 వాట్ల స్టిక్కర్. క్లిప్ పెడితే ఫ్యాన్ జోరుగ తిరిగింది. పసుపు వైరు మీద 11.9, ఉండాల్సింది 12. బోర్డ్‌కు పెడితే టిక్కుమని ఒక్క చుట్టు తిరిగి ఆగింది. విప్పి చూస్తే వైర్లు బయటికొచ్చే దిక్కు రెండు కెపాసిటర్లు నెత్తిన ఉబ్బి ఉన్నయ్, ఒకదాని కింద గోధుమ రంగు జిగురు కారి ఎండిపోయింది. లోడ్ లేనప్పుడు నటిస్తది, లోడ్ పడంగనే కూలబడ్తది.

ఇంకోటి, ఇంట్ల ఎవరూ ఎస్‌ఎంపీఎస్ డబ్బా విప్పకుండ్రి. పెద్ద కెపాసిటర్ మీద 300 వోల్టుల పైనే ఉంటది, ప్లగ్గు పీకినా వెంటనే దిగదు. (విప్పితే మాకు దొరికేది ఎక్కువసార్లు ఎండిపోయిన బల్లి. నవ్వకుండ్రి, నిజం.)

మీటరు మాస్టారు
పసుపు వైరు మీద 11.9 అని తెలిసిందంటే మీరూ మీటర్ పట్టినట్టేగా!

డాలస్ నుంచి
మార్చి చూసే బ్యాచ్‌కి ఒక హెచ్చరిక. అన్ని ఎస్‌ఎంపీఎస్‌లూ అన్నిటికీ సరిపోవు. ఆఫీసుల్లో వాడి అమ్మేసే డెల్, హెచ్‌పీ చిన్న డబ్బాల్లో చాలావాటికి కనెక్టర్లే వేరు. 1990ల చివర్లో డెల్ మెషీన్లలోనైతే కనెక్టర్ చూడ్డానికి మామూలు డెస్క్‌టాప్‌ల ఏటీఎక్స్ రకం లాగే ఉండేది, లోపల వైర్ల వరస మాత్రం వేరు. మామూలుది పెడితే బోర్డ్ కాలిపోయేది. డెల్ ఆప్టిప్లెక్స్‌లు చాలావాటికి వెనకాల ఎస్‌ఎంపీఎస్ మీదే చిన్న టెస్ట్ బటన్, పక్కన లైటు ఉంటాయి, ముందు అది నొక్కి చూడండి. ఇక్కణ్ణుంచి పాత డెస్క్‌టాప్ ఇండియాకి తీసుకెళ్లేవాళ్లు ఎస్‌ఎంపీఎస్ వెనక ఎర్ర స్విచ్ చూసుకోండి. 115 మీద ఉంచి మన 230లో పెడితే టప్పుమంటుంది. ఇప్పటి మంచివాటికి ఆ స్విచ్ ఉండదు, 100 నుంచి 240 దాకా వాటంతటవే సర్దుకుంటాయి.

జిరాక్స్ కొట్టు
బావమరిది మీటర్ తెచ్చి చూశాడు. వంకాయ రంగు వైరు మీద 1.3 మాత్రమే ఉంది. కనెక్టర్ బోర్డ్ నుంచి పీకేసి చూస్తే 5.1 వస్తోంది! మళ్లీ పెడితే మళ్లీ 1.3. ఇదేం లెక్క?

బెంచి సర్వీస్
అదీ సంగతి. బోర్డ్ మీద ఏదో షార్ట్ అయి కిందికి గుంజుతుండొచ్చు, లేకుంటే ఎస్‌ఎంపీఎస్‌ల ఆ 5 వోల్టులిచ్చే స్టాండ్‌బై సర్క్యూటే బలం లేక కూలుతుండొచ్చు. ఈ రెండిట్ల ఏదో మీ మీటర్ చెప్తదా మాస్టారూ? ఇప్పుడు మార్చి చూడాల్సిందే.

మీటరు మాస్టారు
చెప్పించొచ్చు. 10 ఓమ్స్, 5 వాట్ల రెసిస్టర్ ఒకటి తెచ్చి, పీకేసిన కనెక్టర్‌లో వంకాయ రంగుకీ నలుపుకీ మధ్య పెట్టి కొలవండి. అర ఆంపియర్ లాగుతుంది. 5 దగ్గరే నిలబడితే ఎస్‌ఎంపీఎస్ మీద అనుమానం చాలావరకు తీరినట్టే, ఇక బోర్డే. పడిపోతే ఎస్‌ఎంపీఎస్.

అంతకంటే ముందు ప్రింటర్, కీబోర్డ్, నెట్ కేబుల్ అన్నీ పీకి చూశారా? యూఎస్‌బీకి, నెట్ సాకెట్ నడిపే లాన్ చిప్‌కి సిస్టమ్ ఆఫ్‌లో ఉన్నా ఈ వైరు నుంచే కరెంటు వెళ్తుంది. మీ నెట్ స్తంభం మీది నుంచి వచ్చే రాగి లాన్ వైరా, ఫైబరా?

బెంచి సర్వీస్
మండలంల 10 ఓమ్స్ రెసిస్టర్ యాడ దొరుకుతది మాస్టారూ! పక్క షాపుల సిస్టమ్ ఉంటే దాని ఎస్‌ఎంపీఎస్ ఒక్క గంట అడుక్కో అన్నా. లాన్ వైరు సంగతి మాత్రం మాస్టారు మంచిగ పట్టిండు.

జిరాక్స్ కొట్టు
స్తంభం మీంచి వచ్చే లాన్ వైరేనండీ. అన్నీ పీకినా 1.3 మారలేదు. పక్కన మందుల షాపాయన్ని బతిమాలి ఆయన ఎస్‌ఎంపీఎస్ తెచ్చి పెట్టాం. దానితోనూ అంతే, 1.5. కాసేపుంచి బోర్డ్ తడిమితే నెట్ సాకెట్ పక్కన చిన్న నల్ల చిప్పు వేలు పెట్టలేనంత వేడిగా ఉంది.

మీటరు మాస్టారు
లాన్ చిప్ కాలింది. పిడుగు కరెంటు లైన్లోంచి కాదు, నెట్ వైరులోంచి వచ్చినట్టుంది. మీ మెకానిక్ మాట వింటే ముందు ఎస్‌ఎంపీఎస్ కొనేవారు.

బెంచి సర్వీస్
చివరికి తేల్చింది మాత్రం అడుక్కొచ్చిన ఎస్‌ఎంపీఎస్సే గద! చిప్ లెవెల్ పని చేసేటోళ్లు ఆ చిప్పు పీకేస్తే కొన్నిసార్లు బోర్డ్ లేస్తది, నెట్‌కు వేరే కార్డ్ వేసుకోవచ్చు. పీకినా లేవకుంటే బోర్డ్ మార్చుడే. నీది 8వ జనరేషన్, హెచ్310 లాంటి 300 సిరీస్ బోర్డ్ అడుగు. హెచ్110 అంటగడితే తీసుకోకు. సాకెట్ 1151 అనే రాసుంటది, పిన్నులూ కూసుంటయ్, గని నీ ప్రాసెసర్ దాంట్ల లేవదు.

పేపర్ క్లిప్
ఆ మందుల షాపాయన ఎస్‌ఎంపీఎస్ తిరిగిచ్చే ముందు ఆయన సిస్టమ్‌లో పెట్టి, ఆయన ఎదురుగానే ఆన్ చేసి చూపించండి.