విండోస్ బైనరీని విండోస్‌లోనే టెస్ట్ చెయ్యాలా?

కోనసీమ_కోడర్: సీఎస్‌వీ ఫైళ్లు (కామాలతో విడదీసిన పట్టికలు) కలిపే చిన్న ఓపెన్ సోర్స్ టూల్ నాది, సీ భాషలో రాశాను. ఉబుంటు లైనక్స్‌లోనే మిన్‌జీడబ్ల్యూ అనే కంపైలర్‌తో విండోస్‌కి క్రాస్ కంపైల్ చేస్తా, అంటే అక్కడ నడిచే బైనరీని (ప్రోగ్రాం ఫైలుని) ఇక్కడే తయారు చేస్తా, విండోస్ ప్రోగ్రాములను లైనక్స్‌లో నడిపే వైన్‌లో టెస్టులు నడుపుతా, పాసైతే రిలీజ్. అసలు విండోస్‌లో చూడకుండా ఎలా వదిలావని ఒకాయన ప్రాజెక్టు పేజీలో ఇష్యూ (ఫిర్యాదు) తెరిచి మరీ వాయించాడు. నా దగ్గర విండోస్ లేదు, కొనే ఉద్దేశమూ లేదు. నాదేమైనా తప్పా?

లైనక్స్_లచ్చన్న: ఏం తప్పు లేదు. సీలో అంకెలు దాచే లాంగ్ అనే రకం 64 బిట్ లైనక్స్‌లో 64 బిట్లు, విండోస్‌లో 32. మిన్‌జీడబ్ల్యూలోనూ 32నే, అంటే బైట్ల లెక్క 2 జీబీ దాకానే పడుతుంది. 2 జీబీ దాటిన ఫైలు దగ్గర బోల్తా కొట్టే బగ్గు వైన్‌లోనే దొరికిపోతుంది. ఫ్రీగా ఇచ్చేదానికి ఇంతకన్నా ఏం చేస్తారు?

బిల్డ్_మేస్త్రి: లచ్చన్నా, ఆ ఒక్క బగ్గే ఉందా లోకంలో? పాత ఆఫీసులో మాకు జరిగింది చెప్తా. ఫైలు పేరు 'లెక్కలు'. లైనక్స్‌లో అన్నీ యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలూ పట్టే ఎన్‌కోడింగ్) కాబట్టి హాయిగా తెరుచుకుంది. కస్టమర్ విండోస్‌లో మాత్రం 'ఫైలు లేదు' అంది. ప్రోగ్రాం మొదలయ్యే మెయిన్ ఫంక్షన్‌కి వచ్చిన ఆర్గ్యుమెంట్ (ఆ ఫైలు పేరు) ప్రింట్ చేసి చూస్తే వరసగా ఏడు ప్రశ్నార్థకాలు! తెలుగుకి విండోస్‌లో ఆన్సీ కోడ్ పేజీయే (పాత పద్ధతి అక్షరాల పట్టికే) లేదు, అందుకే ఒక్క అక్షరమూ మిగల్లేదు. విండోస్ 10 1903 వెర్షన్ నుంచి మానిఫెస్ట్‌లో (ప్రోగ్రాంతో పాటు ఉండే సెట్టింగుల ఫైల్లో) యూటీఎఫ్-8 అని రాసుకోవచ్చు. అప్పట్లో మాకు ఆ సంగతి తెలియక యూనికోడ్ పేర్లు తీసుకునే విండోస్ వైడ్ ఫంక్షన్లతో రెండు రాత్రులు గడిపాం.

లైనక్స్_లచ్చన్న: అయితే తెలుగు పేరుతో టెస్టు రాయకపోవడం మీ తప్పు. అది లేకుండా విండోస్‌లో వందసార్లు నడిపినా పాసే.

బిల్డ్_మేస్త్రి: ఒప్పుకున్నా. మరి యాంటీవైరస్ సంగతి? టెంప్ ఫైలు రాసి వెంటనే రీనేమ్ చేస్తే, అప్పుడే దాన్ని స్కాన్ చేస్తూ ఉంటుంది, యాక్సెస్ డినైడ్ వస్తుంది. వైన్‌లో ఆ కాపలావాడు ఎక్కడున్నాడు?

నైట్‌షిఫ్ట్_నాగమణి: కొట్టుకోకండి. పబ్లిక్ రిపోకి (అందరికీ కనిపించే కోడ్ ప్రాజెక్టుకి) గిట్‌హబ్ యాక్షన్స్‌లో విండోస్ రన్నర్, అంటే మన టెస్టులు నడిపే విండోస్ మెషీన్, ఉచితమే కదా. కాకపోతే అక్కడ డీబగ్ చెయ్యడం నరకం. ఒక ప్రింట్ పెట్టి పుష్, టీ తాగొచ్చేసరికి ఎర్ర మార్కు, మళ్లీ పుష్. నా కమిట్ హిస్టరీ నిండా 'ఇంకోసారి' అనే ఉంటుంది.

కోనసీమ_కోడర్: రన్నర్ పెట్టాను నాగమణి గారూ. మేస్త్రి గారి 'లెక్కలు' కూడా టెస్టులో వేశా. లైనక్స్‌లో పచ్చ, విండోస్‌లో ఎర్ర. ఇష్యూ తెరిచినాయనకి ఏం జవాబు రాయాలో చూస్తున్నా.