రొకోకో కాలపు కొయ్య విగ్రహానికి వీపు ఎందుకు తొలిచి ఉంటుంది?

ప్రశ్న (నల్లగొండ):
మ్యూనిక్‌లో చదువుకుంటున్న మా చెల్లెలు అక్కడి బవేరియా జాతీయ మ్యూజియంలో తీసిన ఫొటోలు పంపింది. వాటిలో రొకోకో కాలపు, అంటే 18వ శతాబ్దపు యూరప్ అలంకార శైలిలో చేసిన, ఒక క్రైస్తవ పునీతుడి కొయ్య విగ్రహం ఉంది. ముందు నుంచి చూస్తే చెంపల్లో నెత్తురు పారుతున్నట్టే ఉంది. పక్క నుంచి తీసిన ఫొటోలో మాత్రం వీపంతా తొలిచి, ఉలి గాట్లు అలాగే వదిలేసి ఉన్నాయి. తరువాత ఎవరైనా పాడుచేశారా, చేసినప్పుడే అలా చేశారా? రంగులు వేసింది కూడా ఆ శిల్పేనా?

జవాబు (మహబూబ్‌నగర్, కొయ్యపని):
పాడుచేసింది కాదండి, కావాలనే తొలిచారు. మొద్దు ఆరేటప్పుడు వలయాల వెంట ఎక్కువగా, అడ్డంగా తక్కువగా కుంచించుకుపోతుంది కాబట్టి, నడిమి భాగాన్ని ఉంచేస్తే నిలువునా నెర్రె పడుతుంది, అది ముఖం మీదికే రావచ్చు. అందుకే దక్షిణ జర్మనీ శిల్పులు లిండెన్ అనే మెత్తని కొయ్య మొద్దును వెనుక నుంచి తొలిచేవారు. గోడకు ఆనించి నిలబెట్టే విగ్రహానికి వీపు ఎవరికీ కనబడదు, బరువూ తగ్గుతుంది. ఊరేగే మన వాహనాలకు ఆ వెసులుబాటు లేదు.

జవాబు (సూర్యాపేట, చిత్రకళ ఉపాధ్యాయుడు):
రంగులు సాధారణంగా వేరే పనివారివి. అక్కడ చెక్కడం ఒక వృత్తి, రంగు వేయడం మరొకటి. సుద్దను జంతువుల జిగురులో కలిపి పూత మీద పూత వేసి నునుపు చేస్తారు. బంగారం రావలసిన చోట ఎర్రమట్టి పూసి, రేకు అంటించి, అగేట్ అనే గట్టి నున్నని రాయితో రుద్ది మెరుపు తెస్తారు. నాకు అన్నిటికంటే నచ్చేది వెండి రేకు పని: దాని మీద ఎరుపో ఆకుపచ్చో పలుచని వార్నిష్ పూస్తే, అడుగున ఉన్న వెండి తళుకు పైకి వచ్చి అంగీ పట్టుబట్టలా కనబడుతుంది. ఫొటోలో అది సగం కూడా రాదు. ఆ కాలపు దక్షిణ జర్మనీ శిల్పి ఇగ్నాజ్ గ్యుంథర్ (1725–1775) పేరుతో వెతకండి. బవేరియాలోని రోట్ ఆమ్ ఇన్ అనే ఊరి మఠం చర్చిలో ఆయన చెక్కిన పునీత మహారాణి కునిగుండె విగ్రహం తప్పక చూడదగినది. రంగు తీస్తే కొయ్య అందం బయటపడుతుందని తరువాతి కాలంలో చాలా పాత విగ్రహాలను ఒలిచేశారు. నా దృష్టిలో అది సగం శిల్పాన్ని పారేయడమే, ఎందుకంటే కనురెప్పలు, పెదవుల అంచులు చాలావరకు ఆ పూతల్లోనే తేలతాయి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. మా ఊరి గుడిలో పాత హనుమంత వాహనాన్ని గీకేసి ఎనామిల్ వేయిద్దామని పెద్దమనుషులు అంటున్నారు. ఏమని చెప్పమంటారు?

జవాబు (మహబూబ్‌నగర్):
గీకనివ్వకండి. ఏటేటా వేసిన ఎనామిల్ మందమై ఇప్పటికే కనుబొమల గీతలు పూడిపోయి ఉంటాయి. బ్లేడు పెడితే పెయింటుతో పాటు కింది పూతా లేచిపోతుంది. మొదట పీఠం అడుగున, జనం చూడని చోట, తెలిసినవారితో గోరంత మేర పొరలు విప్పించి చూడండి. పాత పూత బయటపడితే పని ఆపి, పురావస్తు శాఖ వారికి చూపించాకే ముందుకు వెళ్లండి.