గరగరమంటున్నది ఒక్క చక్రమే, బేరింగులు రెండూ మార్చాలా?

రెండోగేరు:
ముందు చక్రాలతో లాగే కారు, 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. నెల రోజులుగా ఎడమకు తిప్పితే గరగర. వేగం 40 దాటాకే వినిపిస్తుంది, కుడికి తిప్పితే మాయం. మెకానిక్ ఒక చుట్టు నడిపి చూసి, "బేరింగ్ పోయింది, ముందువి రెండూ మార్చేద్దాం" అన్నాడు. రెండూ ఎందుకంటే "జతగానే మార్చాలి, అందరూ అంతే" అన్నాడు. ఆ జవాబుకి డబ్బులు పెట్టబుద్ధి కావట్లేదు. మీరైతే ఏం చేస్తారు?

గ్రీజుమరక:
ఒకటే మారుస్తాను. ఎడమకు తిరిగితే బండి బరువు కుడి చక్రం మీద పడుతుంది. అప్పుడు అరుస్తోందంటే అనుమానం కుడి బేరింగ్ మీద. ఎడమది ఏ పాపం చేసింది? జత లెక్క బ్రేకు ప్యాడ్లకి, స్ప్రింగులకి, షాక్ అబ్జార్బర్లకి. అక్కడ ఒకటి కొత్తది, ఒకటి అరిగింది ఉంటే బండి నడక తేడా కొడుతుంది. బేరింగ్ పని చక్రాన్ని సాఫీగా తిరగనివ్వడమే. బాగున్నంతకాలం దాని వయసు బండికి తెలియదు.

జోడెద్దులు:
రెండూ ఒకే రోజు బిగించినవి, ఒకే నీళ్ళలో తడిసినవి. కుడిది పోయిందంటే ఎడమది వరుసలో నిలబడి ఉన్నట్టే. నేనూ ఇలాగే తెలివికి పోయి ఒక్కటే మార్పించాను. అయిదు నెలలు తిరక్కుండా రెండోది మొదలైంది. మళ్ళీ అదే షెడ్డు, మళ్ళీ రోజంతా బండి లేకుండా తిరగడం. ఆ మెకానిక్ నవ్వు ఇప్పటికీ గుర్తుంది.

గ్రీజుమరక:
ఒకే నీళ్ళు సరే, ఒకే గుంటలు కాదు కదండీ. గుంటలో రెండు చక్రాలూ కలిసి పడటం తక్కువ, ఎప్పుడూ దెబ్బ తినేది ఒకటే. నా బండిలో కుడి బేరింగ్ మార్చి నాలుగేళ్ళయింది, ఎడమది కంపెనీ నుంచి వచ్చినదే. మీ అయిదు నెలలు, నా నాలుగేళ్ళు, రెండూ రుజువు కావు. ఎవరి అదృష్టం వాళ్ళది.

నింపాది:
ఒకటా రెండా అని కొట్టుకుంటున్నారు గానీ, అసలు బేరింగేనని తేల్చిందెవరు? ఒక చుట్టు నడిపి చూడటమేనా? టైరు అంచులు మెట్లుమెట్లుగా అరిగినా అచ్చం ఇలాగే గుర్రుమంటుంది. ముందు టైర్లు వెనక్కి మార్చి చూడండి, చప్పుడు వాటితోపాటు వెనక్కి వెళ్తే టైరుదే తప్పు. డిస్కు వెనక ఉండే పల్చటి రేకు వంగినా, దాని సందులో చిన్న రాయి ఇరుక్కున్నా మలుపులో రాసుకుంటుంది. చప్పుడు వస్తుండగా బ్రేకు మీద కాలు కాస్త ఆనించండి. మారితే ముందు ఆ రేకూ ప్యాడ్లూ చూడాలి. స్టీరింగ్ బాగా తిప్పి బయల్దేరేటప్పుడు టకటకమంటే అది యాక్సిల్ జాయింటు, దాని మీది రబ్బరు తొడుగు (బూటు) చిరిగి గ్రీజు చిమ్మి ఉంటుంది. బండి ఆగి ఉన్నా స్టీరింగ్ తిప్పితే కరకరమంటే స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన కాలు) పైనుండే మౌంటింగ్ చూడాలి. మీది వేగంతో పెరుగుతోంది కాబట్టి చివరి రెండూ కాకపోవచ్చు.

ఇక బేరింగ్ పరీక్ష. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా కింద స్టాండు పెట్టండి. గేరు తీసేసి, ఒక చేయి సస్పెన్షన్ స్ప్రింగు మీద ఆనించి, రెండో చేత్తో చక్రం తిప్పండి. పోయిన బేరింగ్ అయితే లోపల ఇసుక నలుగుతున్నట్టు స్ప్రింగులో తెలుస్తుంది. చక్రం పైనా కిందా పట్టుకుని ఊపితే లూజు కనబడాలంటారు గానీ, ఏ లూజూ లేకుండా అరిచే బేరింగులు బోలెడు. రెండు పక్కలా చూడండి, పోల్చుకోడానికి.

రెండోగేరు:
పొద్దున చూశాను. టైర్లు బాగున్నాయి, బ్రేకు ఆనించినా చప్పుడు మారలేదు. కుడి చక్రం తిప్పితే స్ప్రింగు మీది చేయి జివ్వుమంది! లూజు మాత్రం లేదు. ఎడమది నున్నగా తిరుగుతోంది.

గ్రీజుమరక:
ఇంకేం. కుడిదొక్కటే.

పానాపట్టు:
ఒక మాట అడగాలి, మీది బోల్టులతో బిగించే హబ్బా (చక్రం బిగించే మధ్యభాగం, బేరింగ్ అందులోనే ఉంటుంది), నకిల్లోకి, అంటే చక్రాన్ని మోసే లోహపు దిమ్మలోకి, ప్రెస్‌తో (నొక్కే యంత్రంతో) దించే బేరింగా? బోల్టుల రకమైతే జోడెద్దులు గారి మాట విన్నా పెద్దగా పోయేదేం లేదు, ఖర్చు తప్ప. ప్రెస్ రకమైతే నేను బాగున్నదాన్ని ముట్టుకోను. హబ్బు లాగితే ఆ బేరింగ్ పాడైపోయినట్టే, తిరిగి పెట్టడానికి ఉండదు. కొత్తది నకిల్లోకి దించేటప్పుడు ఒత్తిడి బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగు మీద నొక్కినా, సుత్తితో కొట్టినా లోపలి గుండ్లు తాము దొర్లే దారిలో గుంటలు చేస్తాయి, కొన్నాళ్ళకే మళ్ళీ గరగర. అంటే బాగున్న ఎడమదాన్ని తీయించి చెడగొట్టుకున్నట్టు. నేను చూసిన "కొత్త బేరింగ్ నాసిరకం" కేసుల్లో సగం ఇవే.

జోడెద్దులు:
ప్రెస్ సరిగా వేయడం రానివాడి దగ్గరికి ఒక్క బేరింగ్‌కైనా ఎందుకు వెళ్ళాలండీ?

పానాపట్టు:
అదీ నిజమే. కానీ బయట నిలబడ్డవాడికి అది ఎలా తెలుస్తుంది?

రెండోగేరు:
ప్రెస్ రకమేనట. కుడిది మాత్రమే మార్పిస్తున్నా. పని జరిగేటప్పుడు దగ్గరుండి ఏం చూడాలి?

పానాపట్టు:
యాక్సిల్ నట్టు కొత్తది వేయమనండి. చివరి బిగింపు టార్క్ రెంచితో (ఎంత బిగువో కొలిచే పానాతో), మీ మోడల్‌కి ఇచ్చిన లెక్క ప్రకారమే ఉండాలి. అది బిగించేదాకా బండి బరువు ఆ చక్రం మీద పెట్టి దొర్లించకూడదు. ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) ఉంటే చాలా బేరింగుల్లో ఒక పక్క సీలుకి అయస్కాంతపు రింగు ఉంటుంది, అది సెన్సర్ వైపు రావాలి. తిరగేసి దించితే చప్పుడు పోతుంది గానీ డాష్‌బోర్డులో దీపం వెలుగుతుంది.

జోడెద్దులు:
ఎడమది అరవడం మొదలెట్టిన రోజు ఇక్కడికే వచ్చి కిలోమీటర్లు రాయండి. గ్రీజుమరక గారూ, మీరూ ఉండండి.

గ్రీజుమరక:
ఉంటాను. నా ఎడమది కూడా ఇంకా అరవలేదు మరి.