కొలంబో నడివీధిలోని గడియార స్తంభం ఒకప్పటి లైట్‌హౌసా?

ప్రశ్న (పెదవాల్తేరు, విశాఖపట్నం):
ఇటీవల కొలంబో వెళ్లినప్పుడు ఫోర్ట్ ప్రాంతంలో, చాతమ్ వీధి కూడలిలో ఒక పాత గడియార స్తంభాన్ని చూశాను. అది ఒకప్పుడు ఓడరేవు లైట్‌హౌస్ అని అక్కడివారు చెప్పారు. యారాడ కొండ మీది దీపాన్ని చూస్తూ పెరిగిన నాకు, భవనాల మధ్య లైట్‌హౌస్ ఏమిటో అంతుపట్టలేదు. దీపం ముందా, గడియారం ముందా?

సమాధానం 1:
గడియార స్తంభమే ముందండీ. అప్పటి బ్రిటిష్ సిలోన్ (నేటి శ్రీలంక) గవర్నర్ హెన్రీ వార్డ్ భార్య ఎమిలీ ఎలిజబెత్ వార్డ్ దాని నమూనా గీశారు. 1857లో నిర్మాణం పూర్తయింది. ఊళ్లో ఎత్తైన కట్టడం అదే కాబట్టి 1867లో దాని నెత్తిన దీపం పెట్టారు. క్రమంగా చుట్టూ మేడలు లేచి వెలుగును కమ్మేయడంతో 1952లో దాన్ని ఆర్పేసి, కొలంబోలోనే సముద్రపు ఒడ్డున గాల్ బక్ వద్ద 29 మీటర్ల కాంక్రీటు స్తంభం కట్టారు. గడియారం మాత్రం పాతచోటే ఉండిపోయింది.

సమాధానం 2:
పైవారి మాటకు చిన్న చేర్పు. శ్రీలంకలో అంతకంటే ముందే, 1848లో, దక్షిణ తీరాన ఉన్న గాల్ పట్టణపు కోట మీద ఇనుప లైట్‌హౌస్ వెలిగింది. ఆవిరి ఓడలు అప్పట్లో ఆగింది గాల్ రేవులోనే. 1875లో మొదలైన కొలంబో అలల అడ్డుగోడ 1885లో పూర్తయ్యాక గాని ప్రధాన ఓడరేవు హోదా కొలంబోకు దక్కలేదు. గాల్‌లోని మొదటి స్తంభం తర్వాత అగ్నికి ఆహుతైంది. నేడు కొబ్బరిచెట్ల నడుమ ఫొటోలలో కనిపించే 26.5 మీటర్ల తెల్లని స్తంభం 1939 నాటిది.

సమాధానం 3:
మీరు చెప్పిన యారాడ కొండ కొమ్మైన మన డాల్ఫిన్స్ నోస్‌కు మేడలు అడ్డొచ్చే ఈ బెడద లేదు. భూమి గుండ్రన కాబట్టి 30 మీటర్ల ఎత్తు నుంచి దిగంతం 20 కిలోమీటర్లలోపే ఉంటే, 174 మీటర్ల ఆ కొండ కొమ్ము నుంచి దాదాపు 47 కిలోమీటర్లు ఉంటుంది. అందుకే 1957లో అక్కడ వెలిగించిన దీపానికి పొడవాటి స్తంభంతో పనిలేదు, ఊరు ఎంత పెరిగినా అడ్డూ లేదు. అయితే మరీ ఎత్తు కూడా చిక్కే. ఇంగ్లండ్ దక్షిణ తీరాన కొండ అంచున 1834 నుంచి పనిచేసిన బెల్ టౌట్ దీపాన్ని పొగమంచు తరచూ కమ్మేస్తుండడంతో, 1902లో దాన్ని మూసి, అదే కొండ పాదాన నీటిలో మరొకటి కట్టవలసి వచ్చింది.