పనిచేసే చోటే పొందే గుర్తింపు సర్టిఫికెట్లలో ఏది ఎంచుకోవాలి?

జీడిమెట్లలోని మా చిన్న మందుల తయారీ యూనిట్‌లో, చప్పుడు వినగానే మాత్రల యంత్రంలో లోపమెక్కడో చెప్పగల సీనియర్ ఆపరేటర్లు ఉన్నారు గానీ, ఆ పనితనానికి వారి చేతిలో ఏ కాగితమూ లేదు. వారిని పని మానిపించకుండా, ఆర్‌పీఎల్ పద్ధతిలో, అంటే ఇప్పటికే ఉన్న నైపుణ్యాన్ని పరీక్షించి గుర్తించే విధానంలో, 2013లో నోటిఫై అయిన జాతీయ నైపుణ్య అర్హతల చట్రానికి లోబడిన సర్టిఫికెట్ ఇప్పించాలనుకుంటున్నాము. శిక్షణ సంస్థల కరపత్రాల మీది రంగురంగుల ముద్రలకన్నా, సర్టిఫికెట్ ఇచ్చే సంస్థకు ఎన్‌సీవీఈటీ, అంటే వృత్తి విద్య, శిక్షణలను నియంత్రించే జాతీయ మండలి, గుర్తింపు ఉందా లేదా అన్నదే ముఖ్యమని నా అభిప్రాయం.

తేలనిది షిఫ్టు సూపర్‌వైజర్ల సంగతే. వారికీ ఈ చట్రంలోనే పై స్థాయి అర్హత ఇప్పించాలా, లేక బ్రిటన్‌కు చెందిన ఐఎల్‌ఎమ్ అనే సంస్థ ఇచ్చే లెవెల్ 3 వంటి నాయకత్వ కోర్సు మేలా? ఆర్‌పీఎల్ చేయించినవారుంటే, పరీక్ష యంత్రం దగ్గరే జరిగిందో, ప్రశ్నపత్రంతో సరిపెట్టారో కూడా దయచేసి తెలియజేయగలరు.