సుగ్గికి వెళ్లిన పిల్లలు: సెప్టెంబరు 30 లెక్క సరిపోతుందా?

హంద్రీ మాస్టారు

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, కోసిగి వైపు ఒక ఊరి బడిలో పనిచేస్తున్నాను. సెప్టెంబరు 30 నాటికి మా ఐదో తరగతి హాజరు పట్టీలో 34 పేర్లున్నాయి. 34 మందినీ యూడైస్‌లో, అంటే దేశంలోని బడులన్నిటి వివరాలు ఏటా సేకరించే కేంద్ర విద్యాశాఖ లెక్కలో, ఎక్కించాం. మండలంలో సరిచూశారు, జిల్లాలో సరే అన్నారు, లెక్క ఢిల్లీ చేరింది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

దీపావళి వెళ్లిన మూడో రోజు తెల్లవారుజామున బడి ముందు నుంచే నాలుగు బండ్లు బయలుదేరాయి. బియ్యం మూటలు, వంట సామాను, వాటి పైన బోర్లించిన మంచం, మంచం కోళ్ల మధ్య మా తరగతి పిల్లలు ముగ్గురు. ఒకడు నన్ను చూసి లేచి నిలబడబోయి తూలాడు. "ఉగాదికి వస్తాం సార్" అని అరిచాడు. నిన్న తరగతిలో ఉన్నది 19 మంది.

ఇటు తెలియనివారికి ఒక మాట. గుంటూరు మిరపకు, తెలంగాణ పత్తికి కుటుంబాలతో కూలికి వెళ్లడాన్ని మా వైపు సుగ్గి అంటారు. ఇది కొత్తది కాదు, దాచిపెట్టే విషయమూ కాదు.

నా బాధ లెక్క గురించి. బడి మానినవారి శాతాన్ని ఎలా కడతారో చూడండి. కిందటి ఏడాది సెప్టెంబరు 30న ఉండి, ఈ ఏడాది అదే తేదీన ఏ బడిలోనూ లేకపోతేనే మానినట్టు. మా వాడు జూన్‌లో తిరిగివచ్చి ఆరో తరగతిలో కూర్చుంటాడు. దేశం లెక్కలో వాడు ఒక్క రోజు కూడా బడికి దూరం కాలేదు. అయిదు నెలలు ఎక్కడా కనిపించవు. కాబట్టి ఫిబ్రవరి 15 నాటికి రెండో లెక్క తీయాలని నా వాదన. కాదనేవారు కారణం చెప్పండి.

మండల డేటా

సార్, నేను ఒక మండల వనరుల కేంద్రంలో ఈ వివరాలు సరిచూసే ఉద్యోగిని. మీ బాధ అర్థమైంది, మందు మాత్రం తప్పు.

లెక్కకు ఒక తేదీ ఉండాలి. ఇప్పుడు కర్నూలు అంకెను బిహార్ అంకెతో పోల్చగలుగుతున్నామంటే ఆ ఒక్క తేదీ వల్లే. ఫిబ్రవరి పెడితే ఒక రాష్ట్రంలో పరీక్షలు, ఒకచోట చలి సెలవులు, ఒకచోట కోతలు. పోలిక పోతుంది.

పైగా ఈ వ్యవస్థ ఎక్కడి నుంచి వచ్చిందో మరచిపోవద్దు. 1994-95లో డైస్ పేరుతో మొదలైనప్పుడు, 2012-13లో హైస్కూళ్లను కూడా కలిపి యూడైస్ చేసినప్పుడు బడి పంపింది మొత్తం అంకె మాత్రమే. తరగతికి ఇంతమంది అని రాస్తే అంతే. 2022-23 నుంచే ఒక్కో పిల్లవాడి పేరు, పుట్టిన తేదీ, ఆధార్, శాశ్వత విద్యా సంఖ్య. అప్పుడు ఏమైంది? 2021-22లో దేశం మొత్తం మీద 26.52 కోట్ల మంది ఉన్నారు. పేరుపేరునా అడిగిన మొదటి ఏడాది 25.17 కోట్లు, ఆ తర్వాత 24.80, 2024-25లో 24.69 కోట్లు. జననాలు తగ్గడం కొంత కారణం. కానీ ఒక్క ఏడాదిలో కోటీ ముప్పై లక్షలకు పైగా తగ్గడానికి అది చాలదు. ఇటు సర్కారు బడిలో, అటు కాన్వెంటులో రెండు చోట్లా ఉన్న పేర్లు రాలిపోయాయి. ఇప్పుడిప్పుడే లెక్క శుభ్రపడుతుంటే మీరు ఇంకో తేదీ అంటున్నారు.

అనంతపురం టీచరమ్మ

కల్యాణదుర్గం వైపు ఇద్దరు టీచర్ల ప్రాథమిక పాఠశాల మాది. నేనే హెచ్‌ఎం, నేనే గుమాస్తా, బెల్లు కొట్టేదీ నేనే. రెండో లెక్క అని చదవగానే గుండె ఆగినంత పనైంది.

మాస్టారూ, యూడైస్ ఫారం మీరే నింపారా, ఇంకెవరితోనైనా నింపించారా? ఒక్కో పిల్లకు ఎత్తు, బరువు, మాతృభాష, తల్లి ఎంతవరకు చదివింది, బడి ఇంటికి ఎంత దూరం. సిగ్నల్ కోసం నేను నీళ్ల ట్యాంకు మెట్లెక్కి కూర్చుంటాను. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప చదువుకు సంబంధించని పని టీచరుకు అప్పగించకూడదు. ఇది చదువుకు సంబంధించిన పనే అంటారు. సరే, సంబంధించిందే. కానీ ఆ వారం మా బడిలో చదువు జరగలేదు.

అది పక్కన పెడితే అసలు భయం వేరే. బడి ఖర్చులకు సమగ్ర శిక్ష పథకం కింద ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి వస్తుంది. 30 మంది దాకా ఉంటే ఏడాదికి 10 వేలు, 31 నుంచి 100 దాకా 25 వేలు. మా బడిలో సరిగ్గా 31 మంది. కరెంటు బిల్లు, సుద్దముక్కలు, కుళాయి, చీపుర్లు అన్నీ అందులోనే. ఒక్క పిల్ల సుగ్గికి వెళ్లిందని ఫిబ్రవరిలో 30 రాస్తే 15 వేలు పోతాయి. ఎవరు రాస్తారు 30 అని? నేను రాయను. ముందే చెబుతున్నాను.

హంద్రీ మాస్టారు

మేడమ్, మీ నిజాయితీకి దండం. కానీ మీరు చెప్పిందే నా వాదనకు బలం. డబ్బునూ పోస్టునూ ఒకే అంకెకు కట్టేస్తే ఆ అంకె నిజం చెప్పదు. రెండో లెక్కకు గ్రాంటుతో సంబంధం లేకుండా చేయమంటాను.

మండల డేటా

సంబంధం లేదని ఈ ఏడాది అంటారు. మూడేళ్ల తర్వాత హేతుబద్ధీకరణ అనే మాట వస్తుంది, అంటే పిల్లల సంఖ్యను బట్టి టీచరు పోస్టులను సర్దడం, అప్పుడు చేతికి అందిన అంకెనే వాడతారు. ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే.

కడప ఎకనామిక్స్

డిగ్రీ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాను. మీరంతా లవం గురించే కొట్లాడుతున్నారు, హారం సంగతి ఎవరూ ఎత్తలేదు.

బడిలో చేరినవారి శాతం చెప్పాలంటే ఆ వయసు పిల్లలు మొత్తం ఎందరో తెలియాలి. ఆఖరి జనగణన 2011ది. తర్వాతిదానికి లెక్క తేదీ 2027 మార్చి 1. ఈ మధ్య కాలమంతా అంచనాలే. పైగా 2022 ఏప్రిల్ 4న కర్నూలులోంచి నంద్యాల, అనంతపురంలోంచి శ్రీ సత్యసాయి జిల్లాలు విడిపోయాయి, మా కడపలో కొంత భాగం అన్నమయ్య జిల్లాకు వెళ్లింది. 2011లో 60 శాతం అక్షరాస్యత ఉన్న కర్నూలు, ఇప్పటి కర్నూలు ఒకటి కావు. పేరు ఒకటే కాబట్టి పత్రికలు పక్కపక్కన వేసి గీత గీస్తాయి. నా విద్యార్థులూ అదే చేస్తారు, మార్కులు కోస్తాను.

ఖర్చు లెక్క ఇంకా సరదాగా ఉంటుంది. 1966లో కొఠారి కమిషన్ జాతీయాదాయంలో ఆరు శాతం చదువుకు పెట్టమంది. 2020 జాతీయ విద్యావిధానం కూడా ఆ ఆరునే మళ్లీ రాసింది. మరి ఇప్పుడు ఎంత పెడుతున్నాం? ఆర్థిక సర్వే పట్టిక చూస్తే మూడు శాతం లోపు. విద్యాశాఖ బడ్జెట్ విశ్లేషణ చూస్తే నాలుగు దాటుతుంది. రెండూ ప్రభుత్వానివే, రెండూ తప్పు కావు. ఇతర శాఖలు శిక్షణకూ చదువుకూ పెట్టే డబ్బును రెండోది కలుపుతుంది. సభలో మాట్లాడేవాళ్లు ఎవరికి కావలసింది వారు తీసుకుంటారు.

ఇళ్లవాళ్లు పెట్టే ఖర్చు ఈ రెంటిలోనూ లేదు. 2025లో జాతీయ శాంపుల్ సర్వే ఇళ్లకు వెళ్లి అడిగితే సర్కారు బడి పిల్లవాడి మీద ఏడాదికి సగటున 2,863 రూపాయలు, ఇతర బడుల పిల్లవాడి మీద 25,002 రూపాయలు తేలింది. బడిని అడిగితే ఈ సంగతి తెలిసేది కాదు.

అందుకే మాస్టారికి నా జవాబు: బడిలో లేని పిల్లవాడిని బడిలో లెక్కపెట్టలేరు. ఇంటికి వెళ్లి అడగాలి. రెండో తేదీ కాదు, రెండో చోటు కావాలి.

హంద్రీ మాస్టారు

సార్, ఇంటికి వెళ్తే తాళం ఉంటుంది. మా ఊళ్లో జనవరిలో వీధికి వీధే తాళాలు. సర్వేకు వచ్చినవారు పక్కింటి ముసలమ్మను అడిగి, "కుటుంబం అందుబాటులో లేదు" అని రాసుకుని, తాళం లేని ఇంటికి వెళ్తారు. మిరప చేను పక్కన వేసుకున్న గుడిసెకు డోర్ నంబరు ఉండదు. బడిలో పేరుంది, ఇంటికి తాళముంది, మనిషి చేనులో ఉన్నాడు.

పెన్నా ఒడ్డు

మధ్యలో ఒక తండ్రి మాట. పిల్లల వివరాలు ఇన్ని ఎందుకు? మా అమ్మాయి చదివే ప్రైవేటు స్కూలువాళ్లు అపార్ కార్డు (ఒక్కో విద్యార్థికి ఇచ్చే దేశవ్యాప్త గుర్తింపు సంఖ్య) అంగీకార పత్రం పంపి, రేపటికల్లా సంతకం కావాలన్నారు. ఐచ్ఛికం కదా అంటే, "అందరూ ఇచ్చారండీ" అన్నారు. అది జవాబా?

మండల డేటా

కాదు. సంతకం పెట్టకపోతే చదువు ఆపే హక్కు వాళ్లకు లేదు. కానీ దీనికి వేరే చర్చ పెట్టండి, ఇక్కడ ఇదే తెగేలా లేదు.

ఆదోని కుట్టుమిషన్

నేను టీచర్ని కాను. మీరు లెక్కపెట్టే పిల్లల్లో ఒకప్పుడు నేనూ ఉన్నాను.

ఏడో తరగతిలో కార్తీకమాసం నుంచి హోలీ దాటేదాకా గుంటూరు దగ్గర మిరప కోశాను. పొద్దున మంచు తడికి కాయ మెత్తగా ఉంటుంది, చేయి మండదు. పది దాటాక మొదలవుతుంది మంట. ఆ చేత్తో అన్నం కలపలేక మా అమ్మ నాకూ తమ్ముడికీ గరిటెతో తినిపించేది. రాత్రిళ్లు తమ్ముడు నిద్రలో కళ్లు నులుముకుని కేకలు పెట్టేవాడు.

తర్వాత ఎప్పుడో ఒక పని మీద బడికి వెళ్తే పాత హాజరు పట్టీ చూపించారు. ఆ అయిదు నెలల్లో నేను గైర్హాజరైంది పది రోజులు. మిగతా రోజులన్నీ బడిలోనే ఉన్నాను! ముందు నవ్వొచ్చింది. తర్వాత చాలా కోపం వచ్చింది. మా అయ్యవారు నన్ను లెక్క కోసం వాడుకున్నారని అనుకున్నాను.

కానీ అక్క ఒకటి చెప్పింది. మా పక్కింటి పిల్ల చదివిన బడిలో చాలా నిజాయితీగా పేరు కొట్టేశారట. తిరిగివచ్చాక టీసీ తెమ్మన్నారు, వయసు మించిందన్నారు, వాళ్ల నాన్న రెండుసార్లు తిరిగి మూడోసారి వెళ్లలేదు. ఆమె ఏడుతోనే ఆగింది. నా పేరు ఉంది కాబట్టి నేను ఎనిమిదిలో కూర్చున్నాను, పది పాసయ్యాను. ఇది మీ చర్చలో ఎటువైపు వస్తుందో మీరే చెప్పండి.

మాస్టారూ, ఒకటి అడుగుతాను. ఆ 15 మందికి పట్టీలో ఏం వేస్తున్నారు?

అనంతపురం టీచరమ్మ

అమ్మా, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను.

నా మాట కొంచెం మారుస్తాను. రెండో లెక్క మేం కొత్తగా తీయనక్కరలేదు, అది ఇప్పటికే ఉంది. మధ్యాహ్న భోజనానికి ఎంతమంది తిన్నారో రోజూ యాప్‌లో వేస్తాం. గుడ్లకు లెక్క ఉంది, మిగిలిన గుడ్లకూ ఉంది. పడమటి మండలాల్లో నవంబరు నుంచి ఆ అంకె ఎలా జారుతుందో పైవాళ్లు ఒక్క పూట కూర్చుంటే కనిపిస్తుంది. టీచర్ని ఇంకో ఫారం నింపమని అడగనక్కరలేదు.

మండల డేటా

అది వేరే యాప్, వేరే విభాగం. ఒకదాన్నొకటి చూసుకోవు. నాకు కనిపిస్తే నేనే చెప్పేవాడిని. అందులోనూ పొంగించి వేసేవారు ఉంటారు. అయినా మీ ఆలోచన ఫిబ్రవరి 15 కంటే మేలు, ఒప్పుకుంటున్నాను.

పేరు కొట్టేయడం గురించి కూడా ఒక మాట. ఇప్పుడు ఒక బడి పిల్లవాడిని వదిలేస్తే పేరు మాయం కాదు, డ్రాప్ బాక్స్‌లో పడుతుంది. శాశ్వత విద్యా సంఖ్యతో ఇంకో బడి అక్కడినుంచి తీసుకోవచ్చు, ఇంకో రాష్ట్రమైనా సరే. ఆ రోజుల్లో ఇది ఉంటే మీ పక్కింటి అమ్మాయిని టీసీ కోసం తిప్పేవారు కాదేమో. అయితే డ్రాప్ బాక్స్‌లో పేరు పెరిగితే మాకు మెమో వస్తుంది. అందుకని ఎవరూ వేయరు. అదీ నిజమే.

కడప ఎకనామిక్స్

అంటే పిల్లవాడు దొరకడానికి పెట్టిన పెట్టెను, వాడు కనిపించకుండా ఉండటానికి ఖాళీగా ఉంచుతున్నాం. ఈ ముక్క రేపు క్లాసులో చెబుతాను.

హంద్రీ మాస్టారు

ఆదోని అమ్మకు జవాబు బాకీ ఉన్నాను. రెండు రోజులు తప్పించుకున్నాను.

యాప్‌లో ఖాళీ వదలడం కుదరదు, 15 మందికీ గైర్హాజరు పడుతోంది. చేతి పట్టీలో మాత్రం 11 మందికి వేసి, నలుగురి గడులు ఖాళీగా ఉంచాను. ఎందుకని అడిగితే చెప్పలేకపోయేవాడిని. ఆ నలుగురూ బాగా చదువుతారు. మిగతా 11 మంది సంగతేమిటని మీరు అడగవచ్చు. నన్ను నేనూ అడుగుతున్నాను.

ఆదోని కుట్టుమిషన్

గడులు తర్వాత చూడండి. వాళ్లను తీసుకెళ్లిన మేస్త్రి ఎవరో ఊళ్లో అందరికీ తెలిసే ఉంటుంది. ఆయన ఫోను నంబరు తీసుకోండి. చేను ఏ ఊరి పక్కనో ఆయనే చెబుతాడు. ఆ ఊళ్లో బడి ఉంటుంది కదా.

మండల డేటా

ఊరు తెలిస్తే అక్కడి మండలంలో నాలాంటి పని చేసేవాళ్లకు నేను ఫోను చేస్తాను. పిల్లల శాశ్వత సంఖ్యలు పంపండి. తాత్కాలికంగానైనా కూర్చోబెట్టుకోమని అడుగుదాం, అన్నమైనా తింటారు.

హంద్రీ మాస్టారు

మేస్త్రి దొరికాడు. 12 మంది గుంటూరు వైపు ఒకే ఊళ్లో ఉన్నారట, ముగ్గురు తెలంగాణ పత్తికి వెళ్లారు. 15 సంఖ్యలూ మీకు పంపాను. రెండింటికి ఆధార్‌తో పేరు కలవడం లేదు. మా రిజిస్టరులో ఈరన్న, అక్కడ వీరన్న.